కరెంటుందా?

ఆషాఢం వచ్చినా ప్రణతి పుట్టింటికి వెళ్ళలేదు. మొగుడు వెళ్ళనివ్వలేదు.

ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో వాళ్ళుండే అపార్ట్‌మెంట్లలోని తెలుగువాళ్ళందరికీ ఈ సంగతి తెలిసిపోయింది. చెప్పింది ఇంకెవరో కాదు, ప్రణతే. కింద కూరగాయల బండి దగ్గర జానకీదేవి ఆంటీ అడగడమే తరువాయి.

“ఏమ్మా, కొత్త పెళ్ళికూతురివి, ఇంకా ఇక్కడే ఉన్నావేం?”

“ఆయన పంపనన్నారాంటీ. నెల మాట అటుంచి, ఒక్క రోజు కూడా కుదరదట.”

“అచ్ఛా,” అంది ఆంటీ, వంకాయను గోటితో గిచ్చి చూస్తూ. “మా ఆయనైతే నేనడక్కముందే నాకు టికెట్టు కొనిచ్చేవాడు.”

ఆ మాట తలచుకుని ప్రణతి రోజంతా తనలో తాను నవ్వుకుంది.

సుధీర్ ఢిల్లీలో ఒక పరిశోధన సంస్థలో సైంటిస్టు. పెళ్ళయిన కొత్తల్లో ఒక సాయంత్రం ఆమెను మేడ మీదికి తీసుకెళ్ళి, బోర్లించిన తెల్లగిన్నెలా ఉన్న యాంటెన్నాను చూపించాడు.

“ఉపగ్రహాల నుంచి వచ్చే సిగ్నల్స్‌ని ఇది పట్టుకుంటుంది. పైన, గాలి బాగా పలచబడిపోయిన చోట, ఎండ దెబ్బకి విడిపోయిన ఎలక్ట్రాన్లు పొరలా ఉంటాయి. వాటిని దాటుకుని వచ్చేసరికి సిగ్నల్‌కి కొంచెం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని కొలిస్తే పైన ఏముందో తెలుస్తుంది.”

“తెలిసి ఏం చేస్తారు?”

“రేపు విమానాలు ఈ సిగ్నల్స్ చూసుకునే దిగాలి. ఈ లెక్క తేలకపోతే రన్‌వే మీద దిగాల్సిన విమానం పక్కనున్న ఆవాల చేలో దిగుతుంది.”

“అయితే మీరు ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చినప్పుడు మధ్యలో ఏముందో నేనూ కొలిచేస్తాను.”

సుధీర్ పకపకా నవ్వాడు. ఆ నవ్వును ఆమె నగలాగా దాచుకుంది.

ఆ ఆలస్యాన్ని కొలిచే ఆఫీసు మెషిన్ మాత్రం ఇంట్లోనే, రెండో పడగ్గదిలో ఉండేది. దాని పని అదే చేసుకుపోతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఒక బటన్ నొక్కి, పచ్చ లైటు వెలిగిందో లేదో చూడాలి, అంతే. పొయ్యి మీద పాలు చూసుకోవడం కన్నా తేలిక.

ఆమెకు ప్రతిదీ పండగే. సిమ్లా వద్దు, మన మేడే మనకు సిమ్లా అన్నాడు. నిజమే అనిపించింది. సరోజినీ నగర్ బజారుకి వెళ్దామంటే ఎండలో నువ్వెందుకు అని, తనే వెళ్ళి రెండు కుర్తీలు తెచ్చాడు. ఒకటి వదులు, ఒకటి బిగుతు. రెండూ మురిపెంగా వేసుకుంది. పెళ్ళయ్యాక వచ్చిన మొదటి జీతంతో అందరూ పెళ్ళానికి చీర కొంటే, అతను ఇన్వర్టర్ కొన్నాడు. దాని మీద మెషిన్ గదిలో ఫ్యాను తిరుగుతుంది. మధ్యాహ్నాలు అక్కడే చాప వేసుకుని పడుకునేది.

ఇక ఫోన్లు. ఆఫీసుకు వెళ్ళిన దగ్గర్నుంచి గంటకోసారి.

“తిన్నావా? కరెంటుందా?”

పోయిందంటే అతని గొంతు మారిపోయేది. “ఎంతసేపైంది? ఇంట్లోనే ఉన్నావు కదూ?”

“ఉక్కపోతకి నేనేమైపోతానోనని ఆయనకి బెంగ,” అని ఆంటీకి చెప్పుకునేది.

పెళ్ళిచూపుల్లోనూ అంతే. వంట వచ్చా, పాట వచ్చా అని అడగలేదు. “ఉద్యోగం చేసే ఉద్దేశం ఉందా?” అని ఒక్కటే అడిగాడు. “లేదండీ, నాకు ఇంట్లో ఉండటమే ఇష్టం,” అంది. అతని ముఖం విప్పారింది. అక్కడికక్కడే సరేనన్నాడు.

ఆషాఢం మధ్యలో తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసింది. “నాయనమ్మకి ఏం బాగాలేదే. నీ పేరే కలవరిస్తోంది. ఆషాఢం వంకన నాలుగు రోజులుండి పో.”

ప్రణతిని ఎత్తుకు పెంచింది నాయనమ్మ దుర్గాంబే. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అడిగింది. సుధీర్ కలిపిన ముద్ద కంచంలో వదిలేశాడు.

“నువ్వెళ్ళిపోతే ఇక్కడెలా? ఇప్పుడు మాత్రం వద్దు. నీకు దణ్ణం పెడతాను.”

దణ్ణం మాట వినగానే ఆమె కరిగిపోయింది. నాయనమ్మకి ఫోన్లో ఆ మాటే చెప్పింది. అవతల్నుంచి ముసలావిడ ఆయాసపడుతూనే నవ్వింది. “పోన్లేవే. అంత ఇదిగా చూసుకునేవాడు దొరికాడు. నాకింకేం కావాలి. వాడి దగ్గరే ఉండు.”

శ్రావణం రాగానే దుర్గాంబ పోయింది.

“ఇప్పుడు బయల్దేరినా ఆఖరి చూపు దక్కదు ప్రణతీ,” అన్నాడు సుధీర్, ఆమె తల నిమురుతూ. ఆఫీసుకు వెళ్ళాడు కానీ, ఆ రోజు గంటకి రెండుసార్లు ఫోన్ చేశాడు. తిన్నావా? కరెంటుందా? మెషిన్ గదిలో ఫ్యాను కింద పడుకుని ఏడుస్తూనే ఆమె అనుకుంది, నాయనమ్మ చెప్పింది నిజమే, ఇలాంటి మనిషిని వదిలి ఎలా వెళ్తాను?

దసరా వెళ్ళాక ఒక సాయంత్రం అతను పెందలాడే వచ్చాడు. ఒక చేతిలో కాజూ బర్ఫీ డబ్బా, ఇంకో చేతిలో జీటీ ఎక్స్‌ప్రెస్ టికెట్టు. తెనాలికి. ఆమె అడగనే లేదు.

ప్రణతి టికెట్టును అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఒక్కటే ఉందేం? మీకో?”

సుధీర్ ఒక బర్ఫీ ముక్క తీసి ఆమె నోట్లో పెట్టాడు. ఇంత సంతోషంగా అతన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

“పెళ్ళికి ముందు నుంచీ మొత్తుకుంటుంటే ఆ అటెండర్ పోస్టు ఇవాళ్టికి శాంక్షనైంది, సోమవారం నుంచి మెషిన్ గదిలో మనిషి ఉంటాడు, ఇక నువ్వు ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండి రా.”