ఫిర్యాదుల పేజీ

"పేజీ నాశనమైందిరా!"

నీటి సరఫరా ఆఫీసు మేనేజరు మొహాన కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. ఎదురుగా నిలబడ్డవాడు ఆఫీసు వెబ్‌సైటు చూసే ప్రోగ్రామరు. అంతకంటే ముందు ఆయన బావమరిది. ఆ ఉద్యోగానికి చూసిన అర్హత కూడా అదొక్కటే.

"నిన్నటిదాకా బాగానే ఉంది కదా బావా?"

"నిన్నటి సంగతి ఎవడిక్కావాలి? నాలుగింటికి పై అధికారి తనిఖీకొస్తున్నాడు. ముందు ఫిర్యాదుల పేజీ సంగతే అడుగుతాడు. పొద్దుటి భాగోతం మన హెడ్‌క్లర్కు తుడిచేస్తాడు. ఆ పేజీ మాత్రం ఎప్పటిలా కావాలి. కాకపోతే నా ప్రమోషన్ మట్టికొట్టుకుపోతుంది. నీ కాంట్రాక్టూ అంతే. మీ అక్కకు నువ్వే చెప్పుకో."

ఆ పేజీ వెనక నడిచే స్క్రిప్టు ఆరేళ్ల కిందట ప్రోగ్రామరు రాసిందే. రాయడమంటే, నాలుగు చోట్ల నుంచి ఎత్తుకొచ్చి అతికించాడు. ఏ లైను ఏం చేస్తుందో కన్నతండ్రికే తెలియదు. అయినా దాని పుణ్యాన ఆరేళ్లూ ఆఫీసు చల్లగా ఉంది.

ఇవాళ పదకొండింటికే హెడ్‌క్లర్కు చొక్కా తడిసింది. ఆఫీసు పనికి ఆయనకు చెమట పట్టడం మొత్తం సర్వీసులో ఇదే మొదలు.

ఫోన్ మోగింది. అక్క.

"మీ బావ పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదట. ఏం తగలేశావురా?"

"నేను ముట్టుకోలేదక్కా. దానంతటదే..."

"చిన్నప్పుడు నాన్న రేడియో విప్పినప్పుడూ ఇదే కూశావు."

ఫోన్ పెట్టేసి ఎర్రర్ లాగ్ తెరిచాడు. స్క్రిప్టు ఎక్కడ తడబడినా అందులో పడుతుంది. రాత్రి నుంచి ఒక్క అక్షరం లేదు. వాడి గుండె జారింది.

సర్వర్ అద్దెకిచ్చిన హోస్టింగ్ కంపెనీకి ఫోన్ చేశాడు. ఎవరో అమ్మాయి తీసింది.

"బ్రౌజర్ కాష్ క్లియర్ చేసి చూశారా సార్?"

"మూడుసార్లు."

"మీ కంప్యూటర్ ఒకసారి ఆపి..."

"తల్లీ, గొడవ నా కంప్యూటర్‌ది కాదు. సర్వర్‌లో మీరేమైనా కెలికారా?"

"రాత్రి స్క్రిప్టులు నడిపే పీహెచ్‌పీ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేశాం సార్. ఇక మీ స్క్రిప్టులన్నీ చక్కగా నడుస్తాయి."

"కొంప ముంచింది మీరేనన్నమాట! పాతదే వెయ్యండి."

"పాతదా? అలా ఎవరూ అడగరు సార్."

"నేనడుగుతున్నానుగా!"

"కారణం రాయాలి సార్."

"ప్రజాప్రయోజనం అని రాసుకోండి."

మూడూ నలభైకి పాత వెర్షన్ పడింది. మేనేజరు, హెడ్‌క్లర్కు వచ్చి ప్రోగ్రామరు కుర్చీ వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. వాడు 'మూడు రోజులుగా నీళ్లు రావడం లేదు' అని ఉత్తుత్తి ఫిర్యాదొకటి టైపు చేసి, 'పంపు' నొక్కాడు.

తెర మీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. కింద పై అధికారి కారు తలుపు వేసిన చప్పుడు. మేనేజరు కళ్లు మూసుకున్నాడు.

"బావా, చూడు!"

ఆరేళ్లుగా ఒక్క ఫిర్యాదునూ ఆఫీసు గడప తొక్కనివ్వని 'సర్వర్‌లో లోపం, తర్వాత ప్రయత్నించండి' అన్న ఎర్ర అక్షరాలు తెర మీద మళ్లీ కనబడగానే, మేనేజరు బావమరిదిని కావలించుకుని భోరున ఏడ్చేశాడు.