వెనక తలుపు విమానం

"మన వాయుసేన విమానం ఎన్ని టన్నులు మోస్తుందో మీకు ఎందుకు కావలసి వచ్చింది?"

వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్న కొత్త మనిషి ఆ మాట అనేసరికి బసవయ్య ఎవరైనా విన్నారేమోనని వీధివైపు చూశాడు. పేరు మెహతా అట, ఢిల్లీ నుంచి వచ్చాడట. మెడలో సింహాల బొమ్మ ఉన్న కార్డు, చేతిలో నల్ల ఫైలు. మాట్లాడే తెలుగు చూస్తే పాఠ్యపుస్తకం తెరిచి చదువుతున్నట్టుంది.

"టన్నులేంది సార్? మేం మిరపకాయలు పండించుకునేటోళ్ళం. మాకెందుకు విమానాలు?"

"బెంజిమిన్ తెలుసా?"

బెంజిమిన్ ఆ ఊరివాడే. వాయుసేనలో విమానాలకు సామాన్లు ఎక్కించే పని చేసి రిటైరై వచ్చాడు.

"నిన్న టీ కొట్టు దగ్గర మీరిద్దరూ సీ-17 మంచిదా, సీ-130 మంచిదా అని వాదించుకున్నారు. వెనక తలుపు ఎంత వెడల్పు, ఎలా తెరుచుకుంటుంది అని మీరు అడిగారు. ఆయన కాగితం మీద గీసి చూపించారు. మీరు ఆ కాగితాన్ని అక్కడే పొయ్యిలో పడేశారు. ఎందుకు?"

చెప్పొచ్చు. ఒక్క ముక్కతో తేలిపోయే సంగతే. కానీ ఎట్లా చెప్పడం? శివరాత్రి ముంగిట్లో ఉంది. కోటప్పకొండ తిరునాళ్ళకు ఊరు కట్టే ప్రభకు ఈసారి బసవయ్యే పెద్ద. బండి మీద తాటిచెట్టును మించిన కర్రల చట్రం, దాని నిండా రంగు బల్బులు. దాని మీద ఏ బొమ్మ వెలుగుతుందో ప్రాణం పోయినా బయటికి పొక్కకూడదని కమిటీ అంతా కోటయ్య పటం ముందు ఒట్టేసుకుంది. నిరుడు కాలవ అవతలి ఊరివాళ్ళు వీళ్ళ ప్రభ మీది నెమలి బొమ్మను ముందే పసిగట్టారు. అంతకన్నా పెద్ద నెమలిని, అదీ పురి విప్పేదాన్ని తెచ్చి, తిరునాళ్ళలో వీళ్ళ పరువు తీశారు. అది గుర్తొస్తే బసవయ్యకు ఇప్పటికీ ముద్ద దిగదు.

అసలు ఈ మనిషిని వాళ్ళే పంపలేదు కదా! బసవయ్య ఓరకంట చూశాడు. బూట్ల నిండా నల్లమట్టి. కాలవ కట్ట మీద నడిచొచ్చాడా?

"కారేది సార్?"

"నేను ప్రశ్నలు అడుగుతాను. మీరు సమాధానాలు చెబుతారు."

మజ్జిగ తెచ్చిన ప్రమీలమ్మ మొగుడి మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏందయ్యా, ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదు. నువ్వు లోపలికి పోవే."

మెహతా ఫైలు తెరిచాడు. "ఇంకొకటి. మాట్లాడటం అయిపోయాక మీరు పైకి చూసి 'చేదుకో కోటయ్యా' అన్నారు. ఈ కోటయ్య ఎవరు? ఎక్కడ ఉంటారు? ఇది కోడ్ వర్డా?"

అంత భయంలోనూ బసవయ్యకు నవ్వు ఆగలేదు. ఆ కొండ చుట్టుపక్కల మాటలు నేర్చే పిల్లలకు కూడా తెలిసిన మొర అది, ఆదుకోమని. ప్రభ లాగేటప్పుడు ఊరంతా అరిచేదీ అదే, బరువెత్తినా భయమేసినా నోటికొచ్చేదీ అదే. కొండ మీది శివుణ్ణి పట్టుకుని ఎక్కడుంటాడని అడిగేవాడు ఈ చుట్టుపక్కల వాడు కాడు గాక కాడు. అనుమానం ఎగిరిపోయింది. ఆ వెంటనే నవ్వూ ఆగిపోయింది. అయితే ఇతను నిజంగానే ఢిల్లీవాడు!

"చెప్పకపోతే మీ ఇష్టం. బెంజిమిన్ గారిని తీసుకువెళతాం. దేశ రహస్యాలు బయటపెట్టిన కేసు. పెన్షన్ కూడా ఆగిపోతుంది."

"అంతమాట అనమాకండి సార్! ఆయన దేవుడంటి మనిషి. మా ప్రభ కోసం నేను పిలిస్తే వచ్చినోడు."

బసవయ్య లేచి వెళ్ళి వీధి గేటు మూసొచ్చాడు. తనకోసమైతే జైలుకైనా పోయేవాడే. కానీ బెంజిమిన్‌ని బలిపెట్టడానికి మనసొప్పలేదు. ఒట్టు తీసి గట్టున పెట్టాడు.

"చెప్తా సార్. మూడో కంటికి తెలియనీయొద్దు. ముఖ్యంగా కాలవ అవతల."

"నాకు ఏ కాలువతోనూ పని లేదు."

"ప్రభ మీద సరుకులేసే విమానం పెడుతున్నాం. యుద్ధ విమానం అందరూ పెట్టిందే. దీనికైతే వెనక తలుపుంటది. కొండ కింద జనం మధ్యకి పోయినాక ఆ తలుపు తెరుచుకుంటది. లోపల్నించి బుల్లి పారాచూట్లు, ఒక్కోదానికీ ప్రసాదం పొట్లం! వరదలప్పుడు అన్నం పొట్లాలు ఏస్తారు చూడండి, అట్టాగ. సీ-17 చానా పెద్దది, బరువు కూడా అదే ఎక్కువ మోసుద్ది. కానీ దానికి బయట ఫంకాల్లేవు. సీ-130కి నాలుగుండయ్. లైట్లల్లో అయి తిరుగుతుంటే కళ్ళు చెదిరిపోతయ్. అందుకే దాన్ని ఖాయం చేశాం."

"తలుపు ఎలా తెరుస్తారు?" మెహతా ముందుకు వంగి గబగబా రాసుకుంటున్నాడు.

"ట్రాక్టరు ట్రక్కు లేపే జాకీతో."

"పారాచూట్లు?"

"మా ఆడోళ్ళ పాత చీరలు."

మెహతా ఫైలు మూశాడు. "దేశ భద్రతకు ముప్పు ఏమీ లేదు. మీరు నిశ్చింతగా ఉండవచ్చు."

బసవయ్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది. రెండు చేతులూ జోడించాడు. "తిరునాళ్ళకి తప్పకుండా రండి సార్. దగ్గరుండి చూపిస్తా."

"చూద్దాం" అంటూ మెహతా హడావుడిగా మెట్లు దిగాడు. చివరి మెట్టు అంచు ఎప్పుడో విరిగింది. అందరి కాలూ మెలికపడేది అక్కడే. ఫైలు ఒక పక్కకు ఎగిరింది, ఢిల్లీ మనిషి ఇంకో పక్కకు తూలాడు. పడబోతూ స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని గావుకేక పెట్టాడు.

"చేదుకో కోటయ్యా!"