టిల్లీ నిద్ర

"అది నిద్ర కాదండీ. దాని చిగుళ్లు చూడండి."

ఎవరో ఆవిడ బోను మీదికి వంగి అలా అంటుంటే క్లెమ్‌కి నవ్వొచ్చింది.

ఊరి మైదానంలో ఏటా జరిగే ఫెర్రెట్ల పోటీ అది. ముంగిసల్లా ఉండే ఆ జంతువులు ఒకసారి పడుకున్నాయంటే పట్టుకు ఊపినా లేవవు. కొత్తగా పెంచేవాళ్లు చచ్చిపోయిందనుకుని లబోదిబోమంటారు. పాతవాళ్లు నవ్వుకుంటారు.

క్లెమ్ పాతవాడు. బోనులో పడుకున్న టిల్లీ అతనిదే.

"ఏమ్మా, ఇంతకుముందెప్పుడైనా ఫెర్రెట్ మొహం చూశావా?" పక్క బోను దగ్గర్నుంచి సేత్ అందుకున్నాడు.

"నాలుగింటిని పెంచాను. అవీ ఇలాగే పడుకున్నాయి."

ఆవిడకి అరవై దాటుంటాయి. ఎడమ కనుబొమ్మని పాత గాటొకటి రెండుగా చీల్చేసింది.

"ఏం పెడుతున్నారు దీనికి?"

క్లెమ్ గర్వంగా సీసా చూపించాడు. వెల్లుల్లీ, ఏవేవో ఆకులూ కలిపిన మూలికల మందు. బొచ్చు పట్టులా మెరుస్తుందని ఆ చుట్టుపక్కల అందరూ వాడేదే. పోటీ దగ్గర పడిందని ఈ నెల రెట్టింపు పోశాడు.

బహుమతి మీద ఆశతోనే కాదు, ఎడ్నా కోసం కూడా.

అతని భార్య ఎడ్నా మతి తప్పి వృద్ధాశ్రమంలో ఉంది. క్లెమ్‌ని చూసి "ఎవరు నువ్వు?" అంటుంది. టిల్లీని ఒళ్లో పెడితే మాత్రం ఆ మెత్తటి బొచ్చు నిమిరీ నిమిరీ, "దీనికి తిండి పెట్టావా క్లెమ్?" అని అడుగుతుంది. ఆ కాసేపూ అతని పెళ్లాం అతనికి తిరిగొస్తుంది.

"ఇది ఆపేయండి. వెల్లుల్లి వీటి రక్తాన్ని తినేస్తుంది. నా కారుంది, ఇప్పుడే పశువుల డాక్టరు దగ్గరికి పోదాం."

"మూలికలమ్మా ఇవి! ఆకులేం చేస్తాయి?"

"నేనూ అలాగే అనుకున్నాను."

"వేరే కంపెనీవాళ్లు పంపించుంటార్రా," అని సేత్ ఇకిలించాడు.

క్లెమ్ సీసా మీది బొమ్మని వేలితో పొడిచాడు.

"ఇదిగో, ఈ మందు కనిపెట్టినావిడ. ఈవిడకి తెలీనిది నీకు తెలుసా?"

ఆవిడ ఆ బొమ్మకేసి చూసి తల దించుకుంది.

"ఆవిడకీ అప్పుడు తెలీదండీ."

అని, చటుక్కున సీసా లాక్కుని మందంతా గడ్డిలో ఒంపేసింది.

క్లెమ్ ఖాళీ సీసా లాక్కుని కేకలు పెట్టాడు. పోటీ నడిపేవాళ్లొచ్చి ఆవిడని గేటు దాకా నెట్టుకెళ్లారు. వెనక్కి తిరిగి తిరిగి, "ఒక్కసారి చిగుళ్లు చూడండి!" అని ఆవిడ అరుస్తూనే ఉంది.

అతను చూడలేదు.

బహుమతులిచ్చే పెద్దమనిషి చేతుల్లో కూడా టిల్లీ పడుకునే ఉంటే అంతా నవ్వారు. బొచ్చుకి మొదటి బహుమతి ఇచ్చారు.

సాయంత్రం మాంసం ముక్క ముక్కు దగ్గర పెట్టినా అది కళ్లు తెరవలేదు. క్లెమ్ వేలితో దాని పెదవి ఎత్తాడు. చిగుళ్లు సున్నంలా ఉన్నాయి.

"మధ్యాహ్నమే తెచ్చుంటే రక్తం ఎక్కించి చూసేవాణ్ణి పెద్దాయనా," అన్నాడు డాక్టరు, టిల్లీ మీద గుడ్డ కప్పుతూ.

ఆదివారం క్లెమ్ ఒట్టి చేతులతో ఆశ్రమానికి వెళ్లాడు.

"ఎవరు నువ్వు?" అంది ఎడ్నా.

"క్లెమ్‌ని."

ఆమెకి ఆ పేరు తెలీలేదు. చేతులు మాత్రం ఒళ్లో దేనికోసమో తడుముకుంటూనే ఉన్నాయి.

అతను ఇంటికొచ్చి కుళ్లికుళ్లి ఏడ్చాడు. ఆ పాడు సీసా కళ్ల ముందు ఉండకూడదని చెత్తబుట్టలో వెయ్యబోయి, ఇన్నేళ్లలో మొదటిసారి దాని మీది బొమ్మని సరిగ్గా చూశాడు.

భుజాన తెల్ల ఫెర్రెట్‌తో నవ్వుతున్న ఆ పడుచుపిల్ల ఎడమ కనుబొమ్మ రెండుగా చీలి ఉంది.