కూర్మమ్మ ఇంటి ఇంగ్లీషు భజన

"భజనే అన్నయ్యా. ఇంగిలీసులో రాముడి భజన," అంది కూర్మమ్మ, కన్ను కూడా ఆర్పకుండా.

పక్కనే ఉన్న కొడుకు పైడిరాజు గొంతులో వడ అడ్డుపడింది. ఆమె భజన అన్నది, కౌలాలంపూర్ స్టూడియోలో అతను పాడిన ఇంగ్లీషు కౌబాయ్ పాటల ఎల్పీ రికార్డుని. ఎనిమిది పాటలు. ఏడింటిలో హీరో తాగుతాడు, పెళ్లాం వెళ్లిపోతుంది. ఎనిమిదో దాంట్లో గుర్రం కూడా వెళ్లిపోతుంది. పైడిరాజు మాత్రం కల్లు వాసన ఎరగడు. గుర్రాన్ని బిస్కెట్ డబ్బా మీదే చూశాడు.

పెళ్లి మాటలకు వచ్చిన రామదాసు పక్క రబ్బరుతోటలో భజన గుంపుకి పెద్ద. కల్లు ఊసు వినిపించిన ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టడు. ఒంటిచేత్తో పెంచిన కూతురు జయమణిని అలాంటి ఇంటికిస్తాడా? జయమణి తప్ప ఇంకెవరూ వద్దని పైడిరాజు ఒకపూట అన్నం మానేశాడు. అతని లెక్కలో అది ఆమరణ దీక్ష.

రామదాసు వస్తూనే కాఫీ చప్పరించి, తాను వంట చేసిన ఇంగ్లీషు దొర బంగళాలో ఇంతకంటే చిక్కగా ఉండేదన్నాడు. తర్వాత రికార్డు అట్ట మీద టోపీ పెట్టుకున్న పైడిరాజుని చూసి, ఏం పాడాడని అడిగాడు. కూర్మమ్మ నోట భజన ఊడిపడింది అప్పుడే.

"అయితే ఎట్టు లా. ఇందారి," అన్నాడు రామదాసు, మలయాలో అందరిలాగే మాట చివర 'లా' తగిలించి.

కర్ఫ్యూ టైమైతే తోట చుట్టూ ఉన్న ముళ్లకంచె గేటు మూసేస్తారని కూర్మమ్మ గుర్తుచేసింది.

"రాముడి పేరు ఇనకుండా ఎల్తానేటి?"

తప్పక పైడిరాజు రికార్డు పెట్టాడు. మొదటి పాటలో హీరో సీసా ఖాళీ చేస్తుంటే, రామదాసు సంచిలోంచి చిడతలు తీసి తాళం వేశాడు. రెండో పాటలో పెళ్లాం పెట్టె సర్దుకుని రైలెక్కింది. రామదాసు కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నయ్యకి భక్తి ఎక్కువని అతని వెంట వచ్చిన చెల్లెలు వెంకమ్మ చెంపలు వేసుకుంది. కూర్మమ్మకు ధైర్యమొచ్చి, కర్పూరం వెలిగించి రికార్డ్ ప్లేయర్‌కి హారతి పట్టింది. గుర్రం వెళ్లిపోయేసరికి ఆడవాళ్లిద్దరూ గోవింద కొట్టారు.

రామదాసు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "పిల్లనిచ్చీసినాను. తాంబూలం తెండి."

ఆడవాళ్లు వంటింట్లోకి పరిగెత్తారు. రామదాసు పైడిరాజుని దగ్గరకు పిలిచి, రెండోది మళ్లీ పెట్టమని మెల్లగా అడిగాడు.

"అంత నచ్చినాదా మావా?"

"నా పెళ్లాం కూడా అలగే రైలెక్కీసి ఎలిపోనాది."