బుడ్డపటేల్ జీతగాడు

ముసలాయన ఆ రోజు కూడా వచ్చాడు.

కొత్తకోట బస్టాండు ఎదురుగా నవనీత స్టూడియో. లోపల టీవీ నడుస్తుంటే చాలు, ఆయన గడప పక్కన నిలబడి చూస్తాడు. మెడ చుట్టూ తువ్వాల. నోట మాట లేదు. పలకరిస్తే నవ్వుతాడు.

"లోపలికొచ్చి కూసో తాతా. కాళ్లు నొయ్యవా?" స్టూడియో నడిపే నవనీత పిలిచింది.

ఆయన స్టూలు మీద ఒదిగి కూర్చున్నాడు.

టీవీలో నడుస్తున్నది 'ఐతారం ఆటపాట'. నవనీత తండ్రి రఘుపతి లోకల్ కేబుల్ నడిపిన రోజుల్లో ప్రతి ఆదివారం వేసిన కార్యక్రమం. పాటలు, డ్యాన్సులు, నవ్వులాటలు. ఊరు ఊరంతా టీవీల ముందే.

క్యాసెట్లు కొనే స్తోమత లేక పాత ఆదివారం మీదే కొత్త ఆదివారం రికార్డు చేసేవాళ్లు. అలా చెరిగిపోగా ఏవో కొన్ని మిగిలాయి. వాటిని డీవీడీగా తెస్తానని, మంచాన పడ్డ తండ్రికి నవనీత మాటిచ్చింది.

పని మాత్రం ముందుకు సాగడం లేదు.

"గీ పాట గూడ కొయ్యాల్నా అక్కా?" కెమెరా పరమేష్ అడిగాడు.

"సినిమా పాట గద. కంపెనీ ఒప్పుకోకుంటే కేసైతది."

"అప్పుడు ఎవ్వడడగలే?"

"గాలిల పోయిన పాటను ఎవ్వడడుగుతడు? డబ్బల పెట్టి అమ్మితేనే అడుగుతరు."

"పాటలన్ని కోస్తే ఇంకేం మిగుల్తది, చప్పట్లా?"

"బుడ్డపటేల్ మిగుల్తడు."

బుడ్డపటేల్ అంటే మూరెడు కొయ్యబొమ్మ. ఎర్ర తలపాగా, మెలితిప్పిన మీసం. నల్లకళ్లద్దాల మనిషి ఒళ్లో కూర్చుని, ఆ మనిషినే తన జీతగాడంటూ పెత్తనం చేసేవాడు. ఆ మనిషి పెదవి కదిలేది కాదు. మాటలన్నీ బొమ్మవే.

"అరే జీతగాడా!" టీవీలో బొమ్మ గద్దించింది. "అన్ని నేనే మాట్లాడాల్నా? నువ్వు నోరు తెరువవేందిరా?"

టీవీలో జనం పడీ పడీ నవ్వారు. ముసలాయన కూడా నవ్వాడు, చప్పుడు లేకుండా. తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఇదొక్కటున్నా చాలక్కా. జనం ఎగబడి కొంటరు."

"వకీలు వద్దంటుండు. ఆడించినాయన ఒప్పుకొని సంతకం పెట్టాలెనట. ఆయన పేరు మా బాపుకే తెల్వదు. అచ్చంపేట దిక్కుకెంచి వచ్చేటోడు, మేం పటేలనే పిలుస్తుంటిమి అంటడు. టీవీల గూడ బొమ్మ పేరే ఏసిన్రు."

"మరి? పటేల్ ఉండంగ జీతగాని పేరు ఎవడడుగుతడు!" పరమేష్ నవ్వాడు.

ముసలాయన లేచాడు. నవనీత ఎదుటికొచ్చి, కుడిచేతి వేళ్లు దగ్గరికి చేర్చి, నోరు తెరిచి మూసినట్టు గబగబా కదిపాడు.

"ఆకలైతుందా తాతా? పరమేష్, జర వేడివేడి మిర్చి బజ్జీలు పట్కరా."

ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ వేళ్లు కదిపాడు.

"మొహమాటమెందుకు, తిను."

మిర్చీలు వచ్చాయి. ఆయన చేసేది లేక, ఊదుకుంటూ ఒక్కటి తిన్నాడు.

"గీ బొమ్మంటే నీకు బగ్గ ఇష్టమున్నట్టుంది. ఇప్పుడైతే ఇయ్యరాదు తాతా. ఆ ఆడించినాయన వచ్చి సరేనన్నడనుకో, ఊరందరికంటె ముందు నీకే ఇస్త."

ముసలాయన ముఖం వెలిగిపోయింది. కుడి బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"సూపరా?" నవనీత కూడా నవ్వుతూ తన బొటనవేలు ఎత్తింది.

ఆయన కౌంటర్ దగ్గరికి నడిచాడు. అదే వేలు గాజు మీద పెట్టి, అదిమి, కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత రెండు చేతులూ జోడించి, హుషారుగా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"రేపు గూడ రా తాతా!" నవనీత కేకేసింది.

గాజు మీద నూనె మరక మిగిలింది. ఆమె బట్ట తీసుకుని శుభ్రంగా తుడిచేసింది.

మరునాడు ఆయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

బొమ్మను ఆడించినాయన్ని వెతుక్కుంటూ నవనీత అచ్చంపేట వెళ్లింది. బజారంతా తిరిగింది. కనిపించిన ప్రతి దుకాణంలో అడిగింది. బుడ్డపటేల్ అనగానే అందరూ నవ్వారు. ఆ జీతగాడెవరంటే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

తిరిగొచ్చి క్యాసెట్లు డబ్బాలో సర్దేసింది. బాపుకు ఏం చెప్పాలో తోచలేదు.

ఒక ముసురు పట్టిన మధ్యాహ్నం, చంకలో మూటతో ఒక ముసలమ్మ గడపలో నిలబడింది.

"బిడ్డా, మా ఇంటాయన ఈడికొచ్చేటోడు. మెడకు తువ్వాల సుట్టుకొని..."

"అవునవ్వా! తాత ఎట్లున్నడు? కనవడుతనే లేడు."

"పోయిండు బిడ్డా. దినాలు గూడ అయిపాయె."

నవనీత ఆమెను పట్టుకుని ఆ స్టూలు మీదే కూర్చోబెట్టింది. మంచినీళ్లిచ్చింది. ముసలమ్మ పేరు సైదమ్మ.

"గొంతుల గడ్డ లేస్తే కోసిన్రు. అప్పటిసంది నోట మాట లేకపాయె. దవాఖాన దగ్గరుంటదని ఈ ఊళ్లె బిడ్డ ఇంటికి వచ్చినం. దినాం మబ్బు మొకం బెట్టుకొని ఉండేటోడు. ఆఖరిపారి మీ కాడికెంచి వచ్చినప్పుడైతే ఎంత నవ్విండో! బొటనేలు సూపిచ్చి, నిశాని ఏసొచ్చిన అని సైగ జేసిండు."

"నిశానా?"

"సదువు రాదు గద బిడ్డా. సంతకం కాడల్ల బొటనేలి నిశానే." ఆమె కొంచెం ముందుకు వంగింది. "మంచిగ పడ్డదా?"

నవనీత చూపు కౌంటర్ మీదికి పోయింది. గాజు తళతళా మెరుస్తోంది.

"ఎందుకేసిండవ్వా నిశాని?"

"గదంత నాకేం తెలుసు? ఆయన గొంతు మీ డబ్బల పదిలంగ ఉన్నదంట. ఒక్కపారి ఇనిపియ్యి బిడ్డా, ఇని పోత."

"తాత గొంతా? మా దగ్గరెట్లుంటదవ్వా?"

సైదమ్మ ఒళ్లో మూట మెల్లగా విప్పింది.

రంగు వెలిసిన ఎర్ర తలపాగాతో, సగం ఊడిన మీసంతో బుడ్డపటేల్ బయటికొచ్చాడు, జీతగాడు లేకుండా, ఒక్కడే.