ఒకటో నంబరు పెద్దాయన

మెడికల్ కాలేజీ మొదటి అంతస్తులో, కుడివైపు హాల్లోకి శిక్షకురాలు అడుగుపెట్టేసరికి పదకొండు మంది గోడవారగా కూర్చుని ఉన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

తరగతిలో ఒక్కరినీ వదలకుండా అందరినీ చర్చలోకి ఎలా తేవాలో అధ్యాపకులకు నేర్పడం ఆమె ఉద్యోగం. కిందటి రెండు శిక్షణల్లోనూ ఆమె తప్ప ఎవరూ మాట్లాడలేదు. ఈసారీ అంతే అయితే రేపటినుంచి ఆఫీసులో హాజరు పట్టీలు రాసుకోమని డైరెక్టరు చెప్పేశాడు.

అయితే అందరి చేతుల్లోనూ నంబరు చీటీలున్నాయి. ఆఫీసువాళ్లు ఆ మాత్రం సాయం చేసినందుకు మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

ముందుగా కుర్చీలు గుండ్రంగా వేయించింది. ఎవరూ కాదనలేదు. మనిషికో చొక్కా గుండీ ఇచ్చింది. మాట్లాడినవాళ్లు దాన్ని మధ్యనున్న డబ్బాలో వెయ్యాలి. గుండీ చేతిలో మిగిలినవాళ్లను ఎవరూ తొందరపెట్టకూడదు.

కళ్లజోడు పెట్టుకున్నావిడ గుండీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది కూడా ఇందులో భాగమేనాండీ?"

"అసలు ఇదేనండీ."

ఆవిడ ముఖం కాస్త తేటపడింది.

పిల్లల బెరుకు అర్థం కావాలంటే ముందు మన బెరుకు మనకు గుర్తు రావాలన్నది శిక్షకురాలి నమ్మకం. అందుకే సూటిగా అడిగింది.

"మన వంతు కోసం కూర్చున్నప్పుడు లోపల ఎలా ఉంటుంది?"

పద్ధతి ప్రకారం ఆమె మనసులో పదిదాకా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తొమ్మిది దగ్గర, చెంపకు చెయ్యి ఆనించుకుని దీర్ఘంగా ఆలోచిస్తున్న ఒకతను తలెత్తాడు.

"కాళ్లు చల్లబడిపోతాయి" అని గుండీ వేశాడు.

ఆ తర్వాత గుండీలు టపటపా పడ్డాయి. ఒకాయనకు లేచి పారిపోవాలనిపిస్తుందట. ఒకావిడకు ముందు పక్కవాళ్ల వంతు రావాలనిపిస్తుందట, వచ్చాక పాపమనిపిస్తుందట. అందరూ నవ్వారు.

పక్కగదిలో ఏదో యంత్రం సన్నగా రొద పెట్టింది. నవ్వు టక్కున ఆగింది. కిటికీలు బాగుచేస్తున్నారనుకుని ఆమె గొంతు పెంచింది. సంచిలో ఫోను ఏడుసార్లు వణికింది. చర్చ జరిగేటప్పుడు ఫోను ముట్టకూడదన్నది ఆమె పెట్టిన నియమమే. ముట్టలేదు.

పది గుండీలు పడ్డాయి. పదకొండోది, మఫ్లరు చుట్టుకున్న పెద్దాయన పిడికిట్లోనే ఉండిపోయింది. ఆయన చీటీ ఒకటో నంబరు. అందరికంటే ముందొచ్చిన మనిషి అందరికంటే వెనక మిగిలాడు.

ఆమె మళ్లీ పది లెక్కపెట్టింది. ఆపైన ఇంకో పది.

"మూడుసార్లు ఇక్కడిదాకా వచ్చి వెనక్కి పోయానమ్మా" అన్నాడాయన చివరికి.

మూడు శిక్షణలు ఎగ్గొట్టిన మనిషి తన దగ్గర మాట్లాడుతున్నాడు.

"మా ఆవిడ ఉన్నన్నాళ్లూ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునేది. అది ఉంటే ఎంతసేపైనా కూర్చునేవాణ్ణి."

ఇద్దరూ ఒకే తరగతిలో చదువుకున్నారు కాబోలు అనుకుని ఆమె కళ్లు తుడుచుకుంది.

కళ్లజోడావిడ కుర్చీ దగ్గరకు జరుపుకుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"నాది రెండో నంబరే బాబాయిగారూ. మీ వెనకే ఉంటా."

పెద్దాయన పిడికిలి విప్పాడు. పదకొండో గుండీ డబ్బాలో టంగుమంది.

ఇక హాజరు పట్టీలు లేవు. 'పదకొండు మందికి పదకొండు మందీ మాట్లాడారు' అని ఆమె డైరెక్టరుకు నివేదిక మొదలుపెట్టింది.

అంతలో పక్కగది తలుపు తెరుచుకుని, తెల్లకోటు వేసుకున్నాయన తల బయటపెట్టి, "ఒకటో నంబరు పెద్దాయనా, ఇవాళైనా ఆ పన్ను పీకించుకుంటారా, మళ్లీ ఇంటికి పోతారా?" అని అడిగాడు.