సాయంత్రాలే జారే కాలు

వారంలో ఇది మూడోసారి. రమ్యశ్రీ వంటింటి గడప దగ్గర బోర్లా పడి ఉంది. ఆమె కృత్రిమ కాలు మోకాలి కింద నుంచి ఊడి, చెప్పుతో సహా అటు దొర్లిపోయింది.

"అయ్యయ్యో, మళ్లీ పడిపోయేవా?" అత్తగారు భవానీదేవి పరుగున వచ్చి లేవనెత్తింది. "ఇంటిపట్టున ఉండమంటే వినవు కదా!"

"సోమవారం స్కూల్లో చేరాలండీ."

భర్త మోహన్ ఆ కాలు తెచ్చి గోడకి ఆనించాడు. "ఇంకోసారి పడ్డావంటే స్కూలూ లేదు, గీలూ లేదు. పాఠం చెప్తూ పిల్లల ముందు పడితే?"

అరుగు మీద కొబ్బరికాయలు ఒలుస్తున్న మావగారు సూర్యారావు తల ఎత్తలేదు. ఆమె కాలు పోయిన ప్రమాదం జరిగిన రోజు బండి నడిపింది ఆయనే. అప్పట్నుంచీ కోడలితో మాట్లాడటమే మానేశాడు.

రమ్యశ్రీ అమలాపురం ఫోన్ చేసింది. ఆ కాలు తయారుచేసిన సాలమోను అంతా విన్నాడు.

"పొద్దున్న కూడా జారుతోందామ్మా?"

"లేదండీ. మూడుసార్లూ సాయంత్రమే."

"మధ్యాహ్నం ఏం చేస్తున్నారు?"

"మీరు చెప్పినట్టేనండీ. చెమట పడుతుందని కాలు విప్పుతాను. లోపలి మెత్తటి తొడుగు సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరేస్తాను. కాలు లోపలంతా తడిగుడ్డతో తుడుస్తాను. ఓ గంట పడుకుంటాను."

"ఆ తొడుగు ఓసారి వాసన చూడండి."

చూసింది. గుప్పుమంది కొబ్బరినూనె!

"ఇంకేముందండీ, నూనె తగిలితే జారకేం చేస్తుంది? ఎవరో రాస్తున్నారమ్మా."

ఎవరు? రమ్యశ్రీ కళ్లు అత్తగారి జిడ్డు చేతుల మీద ఆగాయి.

మర్నాడు ఆదివారం. భోజనాలయ్యాక మామూలుగానే కాలు విప్పి, తొడుగు కడిగి ఆరేసి, రెండూ మంచం పక్కన పెట్టుకుని పడుకుంది. ఇవాళ మాత్రం దొంగనిద్ర. మోహన్ పక్కగదిలో కాపలా.

"పట్టుకోగానే కేకెయ్యి," అన్నాడు.

ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. కిటికీ అవతల పంటకాలవ మీది వెలుగు లోపలికొచ్చి, పైకప్పు మీద అలలు అలలుగా కదులుతోంది. చూస్తూ చూస్తూ ఉండగానే దొంగనిద్ర కాస్తా నిజం నిద్ర అయిపోయింది.

లేని పాదం లాగడం మొదలుపెట్టింది. లేని వేళ్లు ఒకదాని మీదొకటి మెలిపడ్డాయి. "అమ్మా, పాదం..." అని మూలిగింది.

ఎవరో ఆ పాదాన్ని ఒళ్లోకి తీసుకున్నారు. మంచం కాలవలో పడవలా తేలింది. గోరువెచ్చటి అరచెయ్యి మడమ మీంచి అరికాలికి, అరికాలి మీంచి వేళ్లకి జారింది. ఒక్కో మెలికా విడిపోయింది. వారం రోజులుగా వస్తున్న కలే. ఎంత హాయి! పడవ వెళ్తోంది, గట్టున కొబ్బరాకులు ఊగుతున్నాయి, నూనె వాసన...

కల్లో వాసనేమిటి?

రమ్యశ్రీ కళ్లు సగం తెరిచింది.

కాలికీ, దాని తొడుగుకీ పట్టించిన నూనె మెరుస్తోంది. మంచం పక్కన నేలమీద కూర్చున్న మనిషి ఒళ్లో ఆ ప్లాస్టిక్ పాదం ఉంది. నూనె అంటిన వేళ్లు దాన్ని మెల్లగా నొక్కుతున్నాయి.

"తగ్గిందామ్మా?" గుసగుసగా ఒక గొంతు. "నిద్దట్లో రోజూ పాదం పాదం అంటున్నావు. ఆ పాదం ఇదే కదా మరి. నీ కాళ్లు పట్టుకుని క్షమించమని అడిగే ధైర్యం లేదు నాకు. దీన్నయినా పట్టుకోనీ."

"రమ్యా!" పక్కగదిలోంచి మోహన్ అరిచాడు. "దొరికేరా? ఎవరు?"

ఆ వేళ్లు టక్కున ఆగిపోయాయి. లేని పాదం మళ్లీ లాగింది.

రమ్యశ్రీ కళ్లు మూసుకుని, ఇల్లంతా వినపడేలా అంది:

"మావయ్యగారూ, ఆపకండి. చిటికెనవేలు ఇంకా లాగుతోంది. నూనె మాత్రం వద్దండీ."